సిగలో పువ్వు - ఎవరి అనుమతితో?

వితంతువైన స్త్రీ పోగొట్టుకునే వాటి జాబితా మన సాహిత్యంలో ఎక్కడ చూసినా దాదాపు ఒకే వరసలో ఉంటుంది. పసుపు, కుంకుమ, గాజులు, మట్టెలు, పూలు. పూలు చివర వస్తాయి, ఏదో తోకలాగా. బొట్టు మీద, మంగళసూత్రం మీద, తల గొరిగించడం మీద మనవాళ్లు చాలానే రాశారు. పూల దగ్గర ఆగినవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఈ వరసలో పువ్వే వేరుగా కనిపిస్తుంది. గాజులు కొట్లో కొనాలి. కుంకుమ భరిణెలో ఉంటుంది. వద్దంటే కొనడం మానేస్తారు, భరిణె మూసేస్తారు. పువ్వు అలా కాదు. పెరట్లో దానంతట అదే పూస్తుంది. పొద్దుగూకేసరికి దాని వాసన కిటికీలోంచి లోపలికొస్తుంది. ఇంట్లో ఎవరు పెట్టుకోవచ్చో ఎవరు పెట్టుకోకూడదో దానికి తెలియదు.

ఆ మధ్య ఒక సదస్సులో నేను ఈ విషయం మీద పత్రం చదివాను. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన 'అమ్మాయి మంచి కమ్మటి విషయం ఎంచుకుంది' అని చమత్కరించారు. సభ నవ్వింది. నా తర్వాత ఒకాయన మధ్యయుగాల చెరువులూ నీటి పన్నుల గురించి మాట్లాడాడు. ఎవరూ నవ్వలేదు. పూలతోటకీ నీళ్లే పెట్టాలి. ఆ నీళ్లు మోసినవాళ్లూ ఉంటారు. వాళ్లు చరిత్రలోకి ఎందుకు రారన్నదే నా పత్రం. కానీ పువ్వు అనగానే అది స్త్రీల విషయం, స్త్రీల విషయం అనగానే అది అలంకారం, అలంకారమంటే నవ్వు. ఈ మూడు మెట్లూ ఎక్కడానికి ఎవరికీ పెద్ద సమయం పట్టదు.

అసలు మన భాషే ఆడపిల్లనీ పువ్వునీ విడదీయనివ్వదు. పెద్దమనిషైన పిల్లని పుష్పవతి అయిందంటాం. ఆ రోజు నుంచీ పిల్లకి పూలు పెట్టే వేడుకలు మొదలవుతాయి. విచిత్రమేమిటంటే, పుష్పవతి అయిన ఆ పిల్లనే ఆ మూడు రోజులూ పూలమొక్కల దగ్గరికి పోనివ్వరు. నీడ పడితే మల్లెతీగ మాడిపోతుందంటారు. మా ఊళ్లో ఈ మాట నమ్మని ఇల్లు నేను చూడలేదు. పువ్వుతో పోల్చడానికి పనికొచ్చే శరీరం పువ్వుని ముట్టుకోవడానికి పనికిరాదు.

వేసవి సెలవుల్లో పూలజడ వేయించుకోని ఆడపిల్ల కోస్తా జిల్లాల మధ్యతరగతి ఇళ్లల్లో ఒకప్పుడు అరుదు. మల్లెమొగ్గలు సూదీదారంతో జడ పొడవునా కుట్టేవాళ్లు. రాత్రి వెల్లకిలా పడుకోవడానికి ఉండదు. మర్నాడు ఫోటో స్టూడియోకి తీసుకుపోయి, వెనక నిలువుటద్దం పెట్టి ఫోటో తీయించేవాళ్లు, జడ కూడా కనపడాలని. మా అమ్మ తరం వాళ్ల ఆల్బమ్‌లు తిరగేస్తే ఈ ఫోటో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పదేళ్ల పిల్ల ఎదురుగా బిక్కమొహంతో, అద్దంలో ఆమె వీపు, వీపు మీద జడ. ఆ ఫోటోలో అసలు చూడాల్సింది పిల్ల మొహం కాదు, అద్దం. మన ప్రబంధ కవులు కూడా సరిగ్గా ఇలాంటి అద్దమే పెట్టి స్త్రీని చూశారని నాకనిపిస్తుంది.

ప్రబంధాల్లో స్త్రీ అంటే నడిచే పూలతోట. పళ్లు మొల్లమొగ్గలు, కళ్లు కలువలు, ముక్కు సంపెంగ. నంది తిమ్మనకి ముక్కు తిమ్మన అనే పేరు రావడానికి సంపెంగ మీది పద్యమే కారణమంటారు. తుమ్మెద తనని వాలకుండా వదిలేసిందని సంపెంగ అడవిలో తపస్సు చేసి, ఆడదాని ముక్కుగా పుట్టి, అన్ని పూల వాసనలూ తానే పీల్చుకుంటూ రెండు పక్కలా చూపులనే తుమ్మెదల్ని నిలుపుకుందట. ఊహ చాలా అందమైనది, కాదనను. కానీ ఆ పద్యంలో ముక్కు ఉంది, పువ్వు ఉంది, తుమ్మెద ఉంది, మనిషి లేదు.

పురవర్ణనలో పుష్పలావికలు తప్పకుండా వస్తారు. వీధిలో పూలమ్మే స్త్రీలన్నమాట. విటుడు పూల ధర అడుగుతాడు, ఆమె శ్లేషలో జవాబు చెప్తుంది. ఆమె అమ్మేది పూలేనా అన్న అనుమానం కవి పాఠకుడికి వదిలేస్తాడు. వీధిలోకొచ్చి సరుకమ్మే స్త్రీ తనని కూడా అమ్మకానికి పెట్టుకున్నట్టే అన్న ఈ చూపు ఇప్పటి బస్టాండ్ల దాకా వచ్చింది. నాకు కాళిదాసు కొంత నయమనిపిస్తాడు. మేఘసందేశంలో పూలు కోసే ఆడవాళ్లు కనిపించినప్పుడు ఆయన మొదట చూసింది వాళ్ల చెంపల మీది చెమట. చెమట తుడుచుకునీ తుడుచుకునీ చెవుల్లో పెట్టుకున్న కలువలు నలిగిపోయాయి, కాసేపు నీడ ఇచ్చిపో అని మబ్బుకి చెప్పిస్తాడు. ఆ వెంటనే శృంగారంలోకి జారిపోతాడనుకోండి. అయినా పూలు కోయడం ఎండలో చేసే పని అని ఒక్క క్షణమైనా గుర్తుచేసుకున్నాడు. మన ప్రబంధాల్లో ఆ చెమట కోసం చాలా వెతికాను.

పదహారో శతాబ్దంలో పువ్వు చుట్టూ రెండు పెద్ద తెలుగు కావ్యాలు వచ్చాయి. రెండింట్లోనూ ప్రశ్న ఒకటే, పువ్వు ముందు ఎవరిది? పారిజాతాపహరణంలో నారదుడు తెచ్చిన పువ్వుని కృష్ణుడు రుక్మిణికిచ్చాడు. సత్యభామకి కోపం వచ్చింది. కాళ్ల మీద పడ్డ మొగుణ్ణి తన్నింది కూడా. మన పండితులు ఈ తన్నుని ప్రణయకోపం ఖాతాలో రాసి, కవి చమత్కారాన్ని మెచ్చుకుని, పక్కకి జరిగిపోతారు. పదహారు వేల మంది ఉన్న ఇంట్లో ఒక్క పువ్వు వస్తే అది ఎవరికివ్వాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందో సత్యభామకి బాగా తెలుసు. ఆమె అడిగింది పువ్వుని కాదు, చెట్టుని. చెట్టు పెరట్లో ఉంటే ఎవరూ పంచిపెట్టక్కర్లేదు. ఇంత సూటిగా ఆలోచించిన స్త్రీని గయ్యాళిని చేసి పెట్టుకున్నాం. ఆ సత్యభామ వేషాన్ని, ఆ పూలజడతో సహా, కూచిపూడిలో తరతరాలుగా మగవాళ్లే కట్టారు. ఆడవాళ్లని ఆ రంగం మీదికి రానివ్వడానికి ఇరవయ్యో శతాబ్దం రావాల్సి వచ్చింది.

రెండోది ఆముక్తమాల్యద. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడి కూతురు గోద, దేవుడి కోసం కట్టిన మాలల్ని ముందు తను వేసుకుని బావి నీళ్లల్లో చూసుకునేది. ఆ తర్వాతే దేవుడికి వెళ్లేవి. కృష్ణదేవరాయలు కావ్యానికి పెట్టిన పేరే ఆ పనిని చెప్తుంది, ధరించి ఇచ్చిన మాల. దేవుడికి పెట్టే పువ్వుని వాసన కూడా చూడకూడదనే సంప్రదాయంలో ఒక పిల్ల దాన్ని మెళ్లో వేసుకుంది. ఆ సాహసాన్ని భక్తిగా మార్చడానికి ఆమెను రంగనాథుడికిచ్చి పెళ్లి చేయాల్సి వచ్చింది. పెళ్లయ్యాక అది ఎంగిలి కాదు, ప్రసాదం.

దాదాపు ఇదే కాలంలో ఒక కవయిత్రి పేరే ఒక పువ్వు. మొల్ల. ఆమె పువ్వుతో పోల్చబడలేదు, కూర్చుని రామాయణం రాసింది. కుమ్మరి ఇంటి పిల్ల. ఆమె గురించి కట్టుకథలు ఎన్నో పుట్టాయి గానీ, ఆమె పెరట్లో ఏ పూలు పూసేవో మాత్రం ఎవరూ ఊహించలేదు.

పూలతోటలకి అసలైన యజమాని చాలాకాలం దేవుడే. దానశాసనాల్లో నందనవనాలకి భూమి ఇవ్వడం, రోజూ ఇన్ని మాలలు సమర్పించే ఏర్పాటు చేయడం మామూలుగా కనిపించే విషయం. తిరుమలకి పుష్పమండపమని ఇంకో పేరు. కొండ మీద పూసిన ప్రతి పువ్వూ స్వామిదే గనక అక్కడ ఆడవాళ్లు తల్లో పూలు పెట్టుకోరు. వాడిన పూలు కూడా ఎవరికీ ఇవ్వకుండా పూలబావిలో వేసేవాళ్లు. 2021 నుంచి ఆలయాల్లో వాడిన పూలతో దేవస్థానం అగరొత్తులు చేయిస్తోంది.

తిరుమల తోట అనగానే అనంతాళ్వారు కథ చెప్తారు. రామానుజుల ఆజ్ఞ మీద కొండెక్కి, తోట వేసి, దానికి నీళ్ల కోసం చెరువు తవ్వాడు. నిండు చూలాలైన భార్య మట్టి తట్టలు మోసింది. ఆమె కష్టం చూడలేక స్వామే కుర్రవాడి రూపంలో వచ్చి తట్ట అందుకున్నాడు. తన సేవలో మరొకరు వేలు పెట్టారని ఆళ్వారు కోపంతో గునపం విసిరితే కుర్రవాడి గడ్డానికి తగిలింది. స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అద్దడం అందుకేనంటారు. గునపాన్ని ఇప్పటికీ మహాద్వారం దగ్గర చూడొచ్చు. కథలో దెబ్బ తిన్న గడ్డానికి కర్పూరం దక్కింది, గునపానికి గోడ మీద చోటు దక్కింది. చెరువుకీ తోటకీ ఆళ్వారు పేరు దక్కింది. తొమ్మిదో నెలలో తట్ట మోసినామె పేరేమిటి? నేను విన్న ఏ కథలోనూ లేదు.

దేవుడి తోటలతో కలిసి వచ్చిన మరో వ్యవస్థ గురించి కాస్త ఆగి మాట్లాడాలి. ఎందుకంటే సిగలో పువ్వుకి సంబంధించిన అసలు చిక్కుముడి అక్కడే ఉంది. దేవదాసిని నిత్యసుమంగళి అన్నారు. మనిషి మొగుడు చనిపోతాడు, అతనితో పువ్వు పోతుంది. దేవుడు చావడు, కాబట్టి ఆమె తల్లో పువ్వు ఎప్పటికీ వాడదు. పెళ్లిళ్లలో మంగళసూత్రానికి పూసలు ఆమె చేత గుచ్చించుకున్న ఇళ్లున్నాయి. అదే ఇంట్లో, మేనమామ కూతురో చెల్లెలో ఎనిమిదేళ్లకి విధవైన పిల్ల, పెళ్లి పందిట్లోకి రాకూడదని వెనక గదిలో ఉండేది. గృహిణి ఈ ఇద్దరి మధ్య ఒక సన్నటి దారం మీద నడిచింది. మొగుడున్నంతకాలం పువ్వు, లేకపోతే లేదు. మరీ ఎక్కువ పూలు పెట్టుకుంటే అదేదో 'సాని కొంపలా' ఉందంటారు. అసలే పెట్టుకోకపోతే ఏం పోయిందని బోడితలతో తిరుగుతున్నావంటారు. ఎన్ని మూరలు పెట్టుకుంటే సంసారిణో, ఎన్ని మూరలకి చెడిపోతుందో ఏ శాస్త్రంలోనూ రాసిలేదు గానీ, మా నాయనమ్మకి కచ్చితంగా తెలుసు.

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. ఆ పెళ్లికి ఊరు ఎంత అట్టుడికిందో, పెళ్లికి వెళ్లినవాళ్లని ఎలా వెలివేశారో అందరికీ తెలిసిన చరిత్రే. వంటవాళ్లు, నీళ్లవాళ్లు మానేస్తే రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి బిందెలు మోసింది. (ఇక్కడ కూడా నీళ్లు ఎవరు మోశారో చూడండి. ఈసారి పేరైనా మిగిలింది.) ఒక పిల్ల సిగలోకి పువ్వు తిరిగి రావడానికి ఇంత యుద్ధం చేయాల్సి వచ్చింది. వీరేశలింగం చేసినది చిన్న పని అని ఎవరూ అనలేరు. వితంతు వివాహాలకి చట్టం 1856లోనే వచ్చినా తెలుగు నేల మీద పాతికేళ్లు అది కాగితం మీదే ఉంది.

అయితే ఆ పువ్వు ఏ దారిన తిరిగొచ్చింది? మళ్లీ ఒక మొగుడి ద్వారానే. పెళ్లి చేసుకోని వితంతువు, పెళ్లి వద్దనుకున్న వితంతువు, పిల్లలున్న వితంతువు తల్లో పువ్వు పెట్టుకోవచ్చా అన్నది సంస్కరణోద్యమం ముందుకి ప్రశ్నగా కూడా రాలేదు. వితంతువుకి చేయాల్సిన మేలు ఆమెని మళ్లీ సుమంగళిని చేయడమే. సుమంగళి కాకుండానే మనిషిగా ఉండొచ్చన్నది ఆ కాలపు ఊహకి అందలేదు.

అదే వీరేశలింగం భోగం మేళాల మీద, వేశ్యల ఇళ్లకి పోయే పెద్దమనుషుల మీద కలం పట్టారు. 1890ల్లో మద్రాసు రాష్ట్రమంతా నాచ్ వ్యతిరేకోద్యమం సాగింది. ఆ ఉద్యమానికి కారణాలు లేకపోలేదు. ఆ వృత్తిలోకి పసిపిల్లల్ని తోసేవాళ్లన్నది నిజం, ఆ కులాల్లోంచే ఆడవాళ్లు వద్దని గొంతెత్తిన మాటా నిజం. 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టి దేవదాసీ వ్యవస్థ రద్దుకి పోరాడిన ముత్తులక్ష్మీ రెడ్డి తల్లి ఆ కుటుంబాల్లోంచి వచ్చినామే. 1929లో దేవదాసీల ఇనాం భూముల్ని గుడిసేవ నుంచి విడదీశారు, 1947లో అంకితమివ్వడాన్నే నిషేధించారు. నేను ఈ చట్టాలకి వ్యతిరేకిని కాదు. నాకు కుదరనిదల్లా ఒకటే. ఒక స్త్రీ తల్లోకి పువ్వుని తిరిగి తెచ్చినవాళ్లే మరో స్త్రీ తల్లో పువ్వుని చూసి సిగ్గుపడ్డారు. ఒకటి పవిత్రం, ఇంకోటి అసహ్యం. రెండు పూలూ ఒకే తోటలోవి.

గురజాడకి ఈ చిక్కు తెలుసు. 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చేసి, 1909లో తిరగరాసిన కన్యాశుల్కంలో విధవరాలు బుచ్చమ్మా ఉంది, వేశ్య మధురవాణీ ఉంది. నాటకం చివర బుచ్చమ్మని పూనా విడోస్ హోముకి పంపుతారు. సుబ్బి పెళ్లి తప్పించినదీ, కథ ముడి విప్పినదీ మధురవాణే. ఆమె చేతుల మీదుగా ఇంత మేలు జరిగినా సౌజన్యారావు పంతులికి ఆమె ముందు కూర్చోవాలంటే ఎంత ఇబ్బందో చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. గురజాడ ఆయన్ని వెక్కిరించాడో సమర్థించాడో నాకు ఇప్పటికీ పూర్తిగా తేలదు. అందుకే ఆ నాటకం ఇంకా చదువుతున్నానేమో.

నాటకం తిరగరాసిన మరుసటేడు, 1910లో, బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని పరిష్కరించి అచ్చువేయించింది. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు ఆస్థానంలో కవయిత్రి, దేవదాసి. ఆమె కావ్యంలో కొన్ని చోట్లు స్త్రీలు వినదగనివని వీరేశలింగం అంతకుముందే రాసి ఉన్నారు. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగవాళ్లకి అక్కర్లేదా అని నాగరత్నమ్మ తన ముందుమాటలో నిలదీసింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం అలాగే ఉంది. దేవదాసీ అంకితాన్ని నిషేధించిన సంవత్సరమే దేవదాసి రాసిన పుస్తకానికి విడుదల దొరికింది.

ఈ చరిత్రకి ఇంకో అంచు ఉంది. తెలంగాణలో, రాయలసీమలో జోగినులుగా, బసివిలుగా వదిలేసిన దళిత పిల్లలు. శాస్త్రం ప్రకారం వాళ్లూ నిత్యసుమంగళులే. వాళ్లకి ఇనాం భూములు లేవు, సంగీతం లేదు, కావ్యాలు లేవు. ఊరి పెద్దల ఇష్టారాజ్యం ఉంది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది. నిత్యసుమంగళి అనే మాటలోని అందాన్ని చూసి మురిసిపోయే సాంస్కృతిక వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు వీళ్లు గుర్తొస్తారు. అలాగే, పెంతెకొస్తు సంఘాల్లో చేరిన దళిత స్త్రీలు పూలూ నగలూ మానేసినప్పుడు, అదంతా పాస్టర్ల ఆంక్షే అని తేల్చేయడానికి కూడా నాకు మనసొప్పదు. ఆంక్ష ఉన్నమాట నిజమే. కానీ సుమంగళికి గుర్తైన పువ్వుని అందరూ మానేసిన చోట, తెల్లచీర కట్టుకున్న గుంపులో విధవ ఎవరో ముత్తయిదువ ఎవరో తల చూసి చెప్పలేం.

మా వైపు పుస్తకాల్లోకి ఎక్కని తోట ఒకటుంది. మా అమ్మమ్మ అక్క, మేమంతా దొడ్డమ్మమ్మ అనేవాళ్లం, పన్నెండేళ్లకి విధవై పుట్టింటికొచ్చి ఎనభై దాటేదాకా బతికింది. ఆ ఇంటి పెరడంతా ఆమెదే. బావి పక్కన గుండుమల్లె, గోడ మీదికి విరజాజి, గేటు దగ్గర సన్నజాజి పందిరి, మూలన పారిజాతం, నూతి కాలవ వెంట మరువం, దవనం. సంపెంగ మాత్రం ఎంత ప్రయత్నించినా బతకలేదని, సింహాచలం కొండ మీదైతే ఎలా విరగబూస్తుందో అని వాపోయేది. మొగలిపొద వేస్తానంటే మా తాతయ్య పాములొస్తాయని పడనివ్వలేదు. సాయంత్రం ఆమె అరటినార తడిపి, కాలి బొటనవేలికి దారం మెలేసి, మొగ్గల్ని రెండేసి రెండేసి అమర్చి ముడేస్తుంటే చేతులు కనపడేవి కావు. ఇంట్లో ఆడపిల్లలందరికీ, ఇరుగుపొరుగుకీ, గుడికీ దండలు వెళ్లేవి. తనకి లేదు. ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

ఆమె గురించి ఇక్కడ రాయడానికి కారణం జాలి కాదు. మల్లెకి ఒక లక్షణం ఉంది. తోటల్లో పెంచే మల్లె గింజ కట్టడం చాలా అరుదు. కొమ్మ నాటాలి, లేదా నేలంటు కట్టాలి. అంటే మన పెరట్లో మల్లె ఉందంటే అది తప్పకుండా ఎవరో ఒకరి పెరట్లోంచి వచ్చింది. ఆ ఎవరో కూడా మరెవరి దగ్గరో తెచ్చుకుంది. పుట్టింటి నుంచి సారెతో పాటు అంటు తెచ్చుకున్న కోడళ్లు, తీర్థానికి పోయి తడిగుడ్డలో కొమ్మ చుట్టుకొచ్చిన ముసలమ్మలు, నర్సరీలు లేని రోజుల్లో మల్లెని ఊరి నుంచి ఊరికి నడిపించింది వీళ్లే. దొడ్డమ్మమ్మ దగ్గర అంటు తీసుకోని ఇల్లు ఆ వీధిలో లేదు. అశుభమని ఆమెను ఎదురు రానివ్వనివాళ్లు కూడా దొడ్డిదారిన వచ్చి అంటు పట్టుకుపోయేవాళ్లు. ఆమె చెయ్యి మంచిదనేవాళ్లు. శాసనాల్లో తోటలిచ్చిన రాజుల పేర్లున్నాయి. ఈ అంట్ల వంశావళి ఎవరూ రాయలేదు, రాయడానికి ఆధారాలూ లేవు, మొక్కలు తప్ప.

మొక్కల చరిత్ర చూస్తే మన సంప్రదాయం గురించి మనకున్న ధీమా కూడా కొంచెం తగ్గుతుంది. పెళ్లి దండల్లో తప్పనిసరైన లిల్లీ, మనం నేలసంపెంగ అని సొంత పేరు పెట్టుకున్నది, మెక్సికో మొక్క. స్పెయిన్ వాళ్లు పదహారో శతాబ్దంలో సముద్రం దాటించారు. గుళ్లల్లో కనిపించే దేవగన్నేరూ, సాయంత్రం విచ్చుకునే చంద్రకాంతా కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. అంటే గోద మాలలో లిల్లీ లేదు, సత్యభామ జడలో చంద్రకాంత లేదు. మల్లె, జాజి, సంపెంగ, మొగలి పాతవి. విజయనగరంలో గులాబీలకి కొదవే లేదు, 1443లో అక్కడికొచ్చిన అబ్దుర్ రజాక్ ఈ జనం గులాబీ లేకుండా బతకలేరేమో అన్నంతగా ఆశ్చర్యపోయాడు. పరాయి మొక్క వస్తే రెండు వందల ఏళ్లలో దానికి తెలుగు పేరు, దేవుడి పూజ, పెళ్లి పందిరి అన్నీ ఇచ్చేశాం. సొంత ఇంట్లో పుట్టిన వితంతువుకి పువ్వు ఇవ్వడానికి మాత్రం సంప్రదాయం అడ్డొచ్చింది.

మొగలి సంగతి ఇంకా తమాషా. మొగలిలో ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు. సువాసన మగపూవుదే. 1936 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న గంజాం జిల్లాలో ఇప్పటికీ దాని అత్తరు తీస్తారు. ఆడవాళ్ల జడల్లో పెట్టే మొగలిరేకు మగది, ఆడ మొగలికి వాసన లేదు. స్త్రీని పువ్వుతో పోల్చినవాళ్లెవరూ ఈ సంగతి పట్టించుకున్నట్టు లేరు.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మల్లెను రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. 2022 మేలో మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ గ్రామసభ, భర్త చనిపోయినప్పుడు గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం లాంటి ఆచారాలు వద్దని తీర్మానం చేసింది. మన ఊళ్లల్లో పదో రోజున చివరిసారి నిండా పూలు పెట్టి, అందరూ చూస్తుండగా తీసేసే తంతు ఇంకా చాలా ఇళ్లల్లో ఉంది. రాష్ట్ర పుష్పం విషయంలో ఏ గ్రామసభా ఇంతవరకూ ఏమీ అన్నట్టు నేను వినలేదు.

ఈ వ్యాసం కోసం ఎన్టీఆర్ జిల్లా మైలవరం వైపు మల్లెతోటల్లో కొన్ని రోజులు తిరిగాను. చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే వేసవికి చెట్టు విరగకాస్తుంది. మొగ్గ విచ్చకముందే కోయాలి. కాబట్టి ఇంకా చీకటుండగానే ఆడవాళ్లు తోటల్లో ఉంటారు, ఎండెక్కేలోపు పని అయిపోవాలి. కూలీ కిలో లెక్కన. కిలోకి ఎన్ని వేల మొగ్గలో లెక్కపెట్టడానికి నేను ప్రయత్నించి వదిలేశాను. తెంపాక కూడా మల్లె చాలాసేపు వాసన తయారు చేసుకుంటూనే ఉంటుంది. గులాబీకి ఆ గుణం లేదు. అత్తరువాళ్లు ఒకప్పుడు మల్లెజాతి పూలని కొవ్వు పలకల మీద పరిచి రాత్రంతా వదిలేసి వాసన దించుకునేది అందుకే. పొద్దున్నే వంగి కోసిన మొగ్గ సాయంత్రం విజయవాడలోనో హైదరాబాదులోనో ఎవరి తల్లోనో విచ్చుకుంటుంది. కోసినచోట మాత్రం పచ్చి ఆకు వాసనే.

తోటలో నలభై దాటిన ఒకామెని, మీరు పూలు పెట్టుకుంటారా అని అడిగాను. భర్త లేడని ఆమె ముందే చెప్పింది. నా ప్రశ్నలో ఏదో సాహసం ఉందని నేను అనుకుంటున్నానని ఆమెకి అర్థమైనట్టుంది, నవ్వింది.

"పెట్టుకుంటే ఎవురేమన్నా నాకు లెక్కలేదమ్మా. నాలుగింటికి లేచి ఈడకొచ్చేవోళ్లకి తల దువ్వుకునే టైమేది? పొద్దుగూకేతలికి ఈ వాసనంటేనే తలనొప్పి."

పక్క సాలులో ఉన్న చిన్నపిల్ల మాత్రం ఒడిలోంచి రెండు మొగ్గలు తీసి చెవి వెనక పెట్టుకుంది. మేస్త్రీ చూస్తే తూకంలో కోస్తాడని ఈమె కేకేసింది. తర్వాత నా నోటుపుస్తకం వైపు చూసి, ఇదంతా రాస్తే నీకెంతిస్తారని అడిగింది. ఏమీ ఇవ్వరన్నాను. ఆమె నమ్మలేదు.